తినాహా వీధిలో ఆరు నిమిషాలు

సెవియా నగరంలో తినాహా వీధి పొడవు నాలుగు వందల ఇరవై మీటర్లు. పదిహేడో నంబరు బస్సుకు ఆ దూరం దాటడానికి ఎంతసేపు పడుతుందన్నది మాత్రం దేవుడి చేతిలో ఉండేది. మొదటి స్టాపులో దిగిన ముసలమ్మలు రొట్టె కొనుక్కుని, చేపల కొట్టువాడితో బేరమాడి, కన్యస్త్రీల మఠం కిటికీ దగ్గర కాసేపు మంచిచెడ్డలు మాట్లాడుకుని, చివరి స్టాపులో మళ్లీ అదే బస్సెక్కి తమ సీట్లలోనే కూర్చునేవారు. ఒకసారి ఆ బస్సులో ఎవరో అబ్బాయికీ ఎవరో అమ్మాయికీ పరిచయమైందట. బస్సు అవతలి కొసకు చేరేసరికి రెండు వైపుల తల్లులూ వచ్చి, పెళ్లి తేదీ కూడా అనుకున్నారట. పెళ్లి జరిగిందా అని అడిగితే, జరిగింది గానీ చర్చికి అందరూ నడిచే వెళ్లారని ఆ వీధివాళ్లు చెబుతారు.

ఆ వీధికి ట్రాఫిక్ పోలీసు కాసిమీరో ఒరెయానా. యాభై ఎనిమిదేళ్లవాడు. పొట్ట ముందుకు, టోపీ వెనక్కు. ఇరవై తొమ్మిదేళ్లుగా డ్యూటీ ఆ వీధిలోనే, కాపురమూ ఆ వీధిలోనే. ఏ కారు ఎవరిదో అది దగ్గే దగ్గును బట్టి చెప్పేవాడు. ఇన్నేళ్లలో రాసిన చలానాలు పదకొండు. అందులో తొమ్మిది పైఊరివాళ్లకు, ఒకటి బావమరిదికి, ఒకటి పొరపాటున. మోకాళ్లు మాత్రం ముందే పోయాయి. ఈస్టరుకు ముందొచ్చే పరిశుద్ధ వారంలో మరియమాత పల్లకిని మోసేవాళ్లలో అతను ఇరవై రెండేళ్లు మూడో వరుసలో మెడ వంచాడు. ఆ పల్లకి కింద చుట్టూ పరదాలు. మోసేవాళ్లకు బయటి లోకం కనబడదు, ముందున్నవాడి మడమలు తప్ప. బయట నడిచే మేస్త్రీ పల్లకి మీద మూడుసార్లు కొడితే లేవడమే, అతని గొంతు ఎటు పొమ్మంటే అటు పోవడమే. కాసిమీరో జీవితంలో ఎవరి మాటైనా నోరెత్తకుండా విన్నాడంటే ఆ మేస్త్రీదీ, పెళ్లాం విసీదీ.

వీధి ఇరుక్కుపోవడానికి కారణం అక్కడి మర్యాదే. కాలిబాటను ఆనుకుని ఒక వరుస కార్లు ఆగేవి. అది చట్టం. ఆ వరుస పక్కనే ఇంకో వరుస ఆగేది. అది ఆచారం. రెండో వరుసలో కారు పెట్టినవాడు గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, చక్రాలు తిన్నగా ఉంచి వెళ్లాలి. లోపలి కారువాడు వచ్చి, అడ్డమున్నదాన్ని తుంటితో ఒక్క తోపు తోసి, తన బండి తీసుకుని పోతాడు. తోయడానికి చోటు లేకపోతే హారన్ కొడతాడు. అది విన్నవాడు కాఫీ తాగుతున్నా, సగం గడ్డం గీయించుకుని ఉన్నా, మెడలో తువ్వాలుతోనే పరుగెత్తుకొస్తాడు. ఆ వీధిలో హారన్ అంటే తిట్టు కాదు, పిలుపు. బ్రేకు వేసి పోవడమంటే పక్కింటివాళ్ల తలుపుకు బయట గొళ్లెం పెట్టి పోవడమే. ఆ పాపాన్ని చర్చిలో ఫాదరు ముందు పాపసంకీర్తనంలో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అందరూ ఇంత మర్యాదస్తులు కావడంతో బస్సు మాత్రం కదిలేది కాదు. కార్లు మోసుకుపోయే క్రేను ఒకసారి వచ్చింది. మధ్యాహ్నం దాకా ఇరుక్కుని, డ్రైవరు అక్కడే భోజనం చేసి, వీధివాళ్లందరితో స్నేహం చేసుకుని, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

ఆ ఏడాది ఈస్టరు ముందు నగరసభ వాళ్లకు ఓపిక నశించింది. ఇన్‌స్పెక్టరు కాసిమీరోను పిలిపించి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించాడంటేనే కబురు మంచిది కాదని కాసిమీరోకు తెలుసు.

"ఈస్టరు అయ్యాక రెండో గురువారం, పొద్దున ఎనిమిదిన్నరకు పరీక్ష," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బస్సు ఈ కొస నుంచి ఆ కొసకు ఆరు నిమిషాల్లో రావాలి. రాకపోతే బస్సును పెద్ద రోడ్డు మీదికి మళ్లిస్తారు. నిన్ను శ్మశానం గేటు దగ్గర వేస్తారు."

కాసిమీరోకు పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలలుంది. "అక్కడ ట్రాఫిక్ ఉంటుందాండీ?" అని అడిగాడు.

"ఉంటుంది. అంతా లోపలికే."

కాసిమీరో ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచించాడు. శ్మశానంలో చెయ్యి ఎత్తితే ఆగేవాడు లేడు, దించితే కదిలేవాడు లేడు. పొద్దున్నే నూనె పోసిన టోస్టు తెచ్చిచ్చి, నిన్నటి ఫుట్‌బాల్ సంగతి మాట్లాడేవాడు లేడు. ఆ పద్నాలుగు నెలలూ అక్కడ నిలబడితే, చివర్లో ఇంటికి రావడం కన్నా లోపలికి పోవడమే దగ్గరని అనిపిస్తుందేమో అనుకున్నాడు. ఇక మఠం పక్క ముసలమ్మలు బస్సు కోసం పెద్ద రోడ్డు దాకా ఎలా నడుస్తారు? వాళ్లు తనను ఎన్ని శాపనార్థాలు పెడతారు? అది వేరే దిగులు.

పరీక్ష చేయడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు లెయాంద్రో. దేశానికి ఉత్తరాన, చలికి ముక్కులు ఎర్రబడే బుర్గోస్ నుంచి వచ్చినవాడు. ఏప్రిల్ ఎండలో కూడా కోటు గుండీలన్నీ పెట్టుకునేవాడు. రెండు వారాలు వీధిలో పుస్తకం పట్టుకుని తిరిగి, ఏ కారు ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో రాసుకున్నాడు. ఎవరైనా కాఫీ తాగమంటే డ్యూటీలో ఉన్నానన్నాడు. డ్యూటీకీ కాఫీకీ సంబంధమేమిటో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

కాసిమీరో తన ఏర్పాట్లు తాను చేసుకున్నాడు. ముందటి ఆదివారం పూజ అయ్యాక ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. రెండో వరుసలో ముప్పై నాలుగు కార్లున్నాయి. వాటన్నిటినీ పంపించేయడానికి చోటు లేదు. కానీ జపమాల పూసల్లా ఒకదాన్నొకటి తాకేలా దగ్గరికి తోసేస్తే, ఫార్మసీ ముందు ఒక పెద్ద ఖాళీ మిగులుతుంది. అక్కడే వీధి సన్నబడేది. బస్సు ఆ ఖాళీలోకి కాస్త ఒరిగి పోతే చాలు. ముసలితనంలో కాసిమీరోకు ఇంత తెలివి వచ్చినందుకు వీధంతా మెచ్చుకుంది. మఠం వ్యాను నడిపే సిస్టర్ విర్తూదెస్ కూడా, ఆ రోజు పొద్దున తన బండి రోడ్డు మీద ఆపనని, మఠం పెరట్లోనే పెడతానని మాటిచ్చింది. ఆమెకు డెబ్భై ఏళ్లు, మనిషి జానెడు. రోడ్డు కనబడటానికి సీటు మీద రెండు లావాటి ప్రార్థన పుస్తకాలు వేసుకుని కూర్చునేది. మఠంలో ఆమె గొంతు ఎవరూ వినలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే మూడు వీధుల అవతలికి వినబడేది.

గురువారం పొద్దున్నే ఏడింటికి కాసిమీరో ముప్పై నాలుగు కార్లనూ తుంటితో తోశాడు. ఎనిమిదింబావుకు వీధి దువ్విన తలలా ఉంది. ఫార్మసీ ముందు ఖాళీ, మనిషి పడుకుని నాలుగు పొర్లు పొర్లేంత. అతను విజిల్ తుడుచుకుంటూ బస్సు వచ్చే కొసకు నడిచాడు.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు లెయాంద్రో ఆలస్యమవుతోందని కంగారుపడుతూ తన బూడిదరంగు కొత్త కారులో, కాసిమీరో వీపు వెనక, పక్క సందులోంచి వీధిలోకి వచ్చాడు. రెండు వారాల్లో మొదటిసారి అతనికి తినాహా వీధిలో ఖాళీ చోటు కనబడింది. పక్కనంతా రెండో వరుస ఉంది కాబట్టి అదే ఇక్కడి పద్ధతి అనుకున్నాడు. చక్కగా పెట్టాడు. బుర్గోస్‌లో తండ్రి నేర్పినట్టు హ్యాండ్ బ్రేకు చివరి పన్ను దాకా లాగాడు. గేరులో వేశాడు. నాలుగు తలుపులూ తాళం పడ్డాయో లేదో చూసుకున్నాడు. అక్కడి నుంచి మూడు వందల మీటర్లు నడిచి, వీధి చివర మలుపు అవతల స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు.

ఎనిమిదిన్నరకు పదిహేడో నంబరు బస్సు వచ్చింది. నడిపేది ఎలాదియా. నలభై ఏళ్ల మనిషి, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో విసనకర్ర. వంద మీటర్లు ఒక్క నిమిషంలో వచ్చి, ఫార్మసీ ముందు ఆగి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"కాసిమీరో, ఈ పెళ్లికూతురు ఎవరయ్యా? నిన్న లేదే."

బస్సు మెట్టు మీద నిలబడి వచ్చిన కాసిమీరో దిగి నంబరు ప్లేటు చూశాడు. ముందున్న రెండక్షరాలు బుర్గోస్ జిల్లావి. ఈ వీధిలో బుర్గోస్ మనిషి ఒక్కడే.

పరుగెత్తి పిలుచుకు రావచ్చు. కానీ తన మోకాళ్లతో ఆ కొసకు పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. పైగా పిలుపు ఉండగా పరుగెందుకు?

"హారన్ కొట్టు," అన్నాడు.

ఎలాదియా కొట్టింది. ఆ వీధి చరిత్రలో అంత మర్యాదైన హారన్ ఇంకొకటి లేదు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఎవరూ రాలేదు. ఈలోగా పిండి కొనడానికి పెరట్లోంచి బయల్దేరిన సిస్టర్ విర్తూదెస్ వ్యాను బస్సు వెనక వచ్చి ఆగింది. ఆమె కూడా హారన్ మీద చెయ్యేసింది. ఆమె వెనక ఒక టాక్సీ, దాని వెనక గ్యాసు బండల లారీ. సాయం చేయాలన్న బుద్ధితో మఠం లోపల ఎవరో గంట కూడా మోగించారు.

మలుపు అవతల లెయాంద్రో అంతా విన్నాడు. తల ఆడించి, పుస్తకం తీసి, ఇలా రాసుకున్నాడు: ఎనిమిది ముప్పై మూడు, హారన్, అనవసరం. ఎనిమిది ముప్పై అయిదు, మూడు హారన్లు, తీవ్రం. ఎనిమిది ముప్పై ఆరు, హారన్లతో పాటు చర్చి గంట, వర్ణించడం కష్టం.

ఇక లాభం లేదని ఏడుగురు మగవాళ్లు వచ్చి కారును తోశారు. కదల్లేదు. పన్నెండుగురు తోశారు. కదల్లేదు. చేపల కొట్టువాడు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసి, మెల్లగా నిటారుగా నిలబడి, టోపీ తీశాడు.

"బ్రేకు వేసుంది," అన్నాడు.

బస్సులోని ముసలమ్మల్లో ఒకామె సిలువ గుర్తు వేసుకుంది.

"బ్రేకు ఒక్కటేనా, గేరు కూడానా?" అని వ్యాను దిగి వచ్చిన సిస్టర్ విర్తూదెస్ అడిగింది.

"గేరు కూడా, సిస్టర్."

ఆమె ఆకాశం వైపు చూసింది. "ప్రభువా, ఇతన్ని క్షమించు. తొందరేం లేదు."

కాసిమీరో గడియారం చూసుకున్నాడు. ఆరు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. శ్మశానం గేటు తుప్పు పట్టిన ఊచలతో సహా కళ్ల ముందుకు వచ్చింది. అయినా బస్సును అలా వదిలేయడం అతనివల్ల కాలేదు. చుట్టూ చూశాడు. చేపల కొట్టువాడు, మంగలి, వడ్రంగి, ఫార్మసీలో మందులు కట్టేవాడు, బస్సులోంచి దిగిన ఇద్దరు. అందరి మెడల వెనకా కాయ కాసిన గట్టి ముద్ద. అందరూ పల్లకి మోసినవాళ్లే. లెక్కపెడితే పదహారు మెడలు. పల్లకి రెండు టన్నులు. ఇది ఎంత, ఒక టన్ను.

"ఎత్తుదాం," అన్నాడు.

"మేస్త్రీ ఏడి?" అని వడ్రంగి అడిగాడు. పల్లకి మేస్త్రీ ఉండేది నది అవతల.

కాసిమీరో ఆ కారు బానెట్ మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టాడు. ఇరవై రెండేళ్లు ఆ చప్పుడు విన్నవాడే గానీ చేసినవాడు కాడు. పదహారుమంది ఒక్కసారిగా వంగి చేతులు కిందికి పోనిచ్చారు. అతని నోట్లోంచి తన గొంతు తనకే తెలియకుండా వచ్చింది. లావుగా, నిదానంగా, వీధి చివరి దాకా వినబడేలా.

"అందరూ సిద్ధమేనా నాయనలారా? ఆ తల్లిని ఆకాశానికి ఎత్తండి."

కారు లేచింది. నాలుగు చక్రాలూ నేల వదిలాయి. ఎలాదియా విసనకర్ర ఆపేసింది.

"ఎడమవాళ్లు ముందుకు. కుడివాళ్లు వెనక్కు. పాదం పాదమే. అలాగే, అలాగే. తొందరపడకండి, చూసేవాళ్లున్నారు."

వెళ్లడానికి ఒకే ఒక్క చోటుంది. వ్యాను బయట ఉంది కాబట్టి మఠం పెరడు ఖాళీ. సిస్టర్ విర్తూదెస్ పరుగెత్తి గేటు బార్లా తెరిచింది. బూడిదరంగు కారు తినాహా వీధిని అడ్డంగా, అటూ ఇటూ ఊగుతూ, ఎవరి అద్దమూ తాకకుండా దాటింది. వద్దన్నా కాళ్లు అలవాటు మానవు కదా, పదహారుమందీ పల్లకి నడకే నడిచారు. రెండో అంతస్తులో ఒక ముసలావిడ కళ్లజోడు పెట్టుకోకుండానే కిటికీ తెరిచి, దోసెడు పూలరేకులు చల్లేసింది. తరువాత కళ్లజోడు పెట్టుకుని చూసి, ఏం చేసిందో అర్థమై, కిటికీ మూసుకుంది.

బస్సు కదిలింది. మలుపు దగ్గర ఎప్పటిలాగే ఒకసారి వెనక్కి వచ్చి, తిప్పుకుని, వీధి చివరికి చేరింది. లెయాంద్రో స్టాప్‌వాచ్ నొక్కాడు. పదిహేడు నిమిషాల ఇరవై సెకన్లు. అది రాసుకుని, కాసిమీరోకు చూపించి, పుస్తకం మూసి, మర్యాదగా తల వంచి, కారు దగ్గరికి నడిచాడు. ఫార్మసీ ముందు ఖాళీగా ఉంది. కొన్ని పూలరేకులున్నాయి.

"నా కారు దొంగిలించారు," అన్నాడు.

కాసిమీరో సెల్యూట్ చేశాడు. "దొంగిలించలేదండీ. ఊరేగించాం."

మఠం పెరట్లో, నారింజ చెట్టు కింద, కారు బానెట్ మీద మఠకన్యలు గుడ్డుసొనతో చేసే మిఠాయిల పళ్లెం పెట్టి ఉంది. దాని పక్కన నిలబడి కాసిమీరో జరిగింది జరిగినట్టు, బస్సు ఆగిన టైమూ కదిలిన టైమూతో సహా చెప్పాడు. ఆచారం చెప్పాడు. బ్రేకు సంగతి చెప్పాడు. హారన్ అంటే ఏమిటో చెప్పాడు. లెయాంద్రో పుస్తకం తెరిచి, తాను రాసుకున్న హారన్ల పేజీలు ఒక్కొక్కటీ తిప్పాడు. అన్నీ తన కోసమే. చెవులు ఎర్రబడ్డాయి, ఈసారి చలికి కాదు. పెన్సిలు తీశాడు.

"నా కారు వల్ల పోయింది సరిగ్గా పది నిమిషాలు. అది మీ లెక్క కాదు, నాది. నివేదికలో అలాగే రాస్తాను."

కాసిమీరోకు అతన్ని వాటేసుకోవాలనిపించింది. కానీ కోటు గుండీలన్నీ పెట్టి ఉన్నాయి.

"అయినా ఏడు నిమిషాల ఇరవై సెకన్లు మిగిలింది," అని లెయాంద్రో ఇంకో పేజీ తిప్పాడు. "ఇంకా ఎనభై సెకన్లు ఎక్కువ. అది మలుపు దగ్గర పోతోంది. పంతొమ్మిదో నంబరు ఇంటి ముందు రెండో వరుసలో ఒక మీగడరంగు కారుంది. దాన్ని తప్పించడానికే బస్సు వెనక్కి వస్తోంది. ఈ రెండు వారాల్లో వీధిలోని కార్లన్నీ మారాయి, అది తప్ప. దాన్ని తోసేవాళ్లు తోస్తున్నారు, మళ్లీ అక్కడికే తెస్తున్నారు. ఆ కారు ఎవరిది?"

సిస్టర్ విర్తూదెస్‌కు జపమాల గుర్తొచ్చింది. చేపల కొట్టువాడికి ఐసు కరిగిపోతోందని గుర్తొచ్చింది. కాసిమీరో విజిల్‌లో ఏదో ఇరుక్కుందన్నట్టు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"కనుక్కుంటానండీ," అన్నాడు.

"మంచిది. వచ్చే గురువారం మళ్లీ పరీక్ష పెడదాం. అదే చివరిది."

ఆ మీగడరంగు కారు కాసిమీరోది. పదకొండేళ్ల కిందట ఒక మంగళవారం సాయంత్రం, తన ఇంటి కిటికీ కిందే, గోడ నీడలో అతనికి ఆ చోటు దొరికింది. దొరికిన రాత్రి విసీ మీద ఒట్టేసి చెప్పాడు, ఇంత మంచి చోటు సెవియాలో బిషప్పుగారికి కూడా లేదని. అప్పటి నుంచి ఆ కారు ఎక్కడికీ వెళ్లలేదు. తీస్తే చోటు పోతుంది కదా. మార్కెట్టుకు వెళ్లినా, సముద్రానికి వెళ్లినా, మొగుడూ పెళ్లాలు బస్సులోనే వెళ్లారు. వేసవిలో విసీ ఆ కారు మీద ఎర్ర మిరపకాయలు ఎండబెట్టేది. బస్సు అక్కడ వెనక్కి వచ్చి తిరుగుతుందన్న సంగతి కాసిమీరో రోజూ చూసేవాడు. మలుపులంటే అలాగే ఉంటాయి అనుకునేవాడు.

ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరింది. విసీ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఆ కారు ఎవరిదో కనుక్కుంటానన్నావట."

"అన్నాను."

"దొరికాడా?"

కాసిమీరో కూర్చుని బూట్లు విప్పాడు. "పదకొండేళ్లు, విసీ. నీడలో. కిటికీ కిందే. ఇలాంటి చోటు ఈ జన్మలో మళ్లీ దొరకదు."

"చోటు సరే. అందులో మనం చివరిసారి ఎక్కడికి వెళ్లాం?"

అతను చాలాసేపు ఆలోచించాడు. "మీ చెల్లెలి పెళ్లికి."

"దాని కూతురు ఎదిగి, మొన్న చర్చిలో మొదటి సత్ప్రసాదం కూడా తీసుకుంది. దానికీ బస్సులోనే వెళ్లాం, నిలబడి." ఆమె ఉల్లిపాయలు పెనంలో వేసింది. "శ్మశానం గేటు దగ్గర కావలసినంత నీడ. చోటుకూ లోటు లేదు. నువ్వూ నీ కారూ పక్కపక్కనే నిలబడండి. ఆదివారాలు నేను పువ్వులు తెస్తాను."

కాసిమీరో శుక్రవారమంతా వేరే దారులు వెతికాడు. కారును ఒక మీటరు వెనక్కి తోసి చూశాడు. బస్సు తిరగలేదు. ఒక మీటరు ముందుకు తోశాడు. అది మలుపు మూలలో గోడకు ఆనింది; మంగలి కొట్టు తలుపు తెరుచుకోలేదు, లోపల గడ్డం గీయించుకుంటున్నవాడు భోజనానికి ఇంటికి పోలేకపోయాడు. ఎదురింటి గోడ మూల కాస్త చెక్కితే ఎలా ఉంటుందని వడ్రంగిని అడిగాడు. ఆ గోడ అరబ్బులు కట్టిందని, వెయ్యేళ్ల నాటిదని వడ్రంగి చెప్పాడు. ఏ పాటి గోడైనా నా కారుకన్నా పాతదే అని కాసిమీరో నిట్టూర్చాడు. శనివారం సిస్టర్ విర్తూదెస్ వ్యాను ఆపి, కిటికీలోంచి ఒక్క మాటే అంది: "కాసిమీరో, ఆ బుర్గోస్ అబ్బాయి తన తప్పు తన చేత్తోనే రాసుకున్నాడు చూశావా, నాయనా?" అతను జవాబు చెప్పకముందే హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

బుధవారం సాయంత్రం, వీధి మధ్యాహ్నపు కునుకు తీసి లేచాక, అతను తాళాలు పట్టుకుని కిందికి దిగాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. శవయాత్రకు వచ్చినంత గంభీరంగా ఉన్నారు. కారు తలుపు తీస్తే కీచుమంది. వెనక సీట్లో పిచ్చుకలు ఎప్పుడో పిల్లలు పెట్టి, పెంచి పెద్ద చేసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లాయి. తాళం తిప్పితే కారు ఏమీ అనలేదు. దగ్గు కూడా లేదు. చేపల కొట్టువాడూ వాళ్లూ పెద్ద రోడ్డు దాకా తోశారు. అక్కడి నుంచి లారీ మీద పక్క ఊరు దోస్ ఎర్మానాస్‌లో విసీ చెల్లెలి ఇంటి పెరట్లోకి పోయింది. ఆమె మేకలు దాని మీదికెక్కి కూర్చోవడానికి అరగంట కూడా పట్టలేదట.

మర్నాడు లెయాంద్రో కారు తేలేదు. ఎలాదియా పక్కన నిలబడి, స్టాప్‌వాచ్ చేతిలో పట్టుకుని బస్సులోనే వచ్చాడు. కోటు పై గుండీ ఒకటి తీసి ఉంది. ఫార్మసీ ముందు బస్సు ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని పోయింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి వీధిలో ఒక్కడూ ఊపిరి పీల్చలేదు. ఎలాదియా స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది, అది కూడా మొదటిసారే. బస్సు వెనక్కి రాలేదు. పంతొమ్మిదో నంబరు ఇంటి గోడను ముద్దు పెట్టుకుంటుందేమో అన్నంత దగ్గరగా, ఒక్క విసురులో తిరిగిపోయింది.

అయిదు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

లెయాంద్రో పుస్తకంలో సంతకం చేసి, కాసిమీరోకు చెయ్యి చాచాడు. ఎవరో కాఫీ తాగమన్నారు. ఈసారి తాగాడు. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి, పద్నాలుగు నెలలు ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పాడు.

అయితే కాసిమీరో ఆ ఫోన్ దగ్గరికి రాలేకపోయాడు, విసీయే మాట్లాడింది. ఎందుకంటే బస్సు మలుపు తిరిగిన మరుక్షణమే మీగడరంగు కారు పోయిన ఖాళీ వీధంతటికీ కనబడింది. మొదట వచ్చింది దంతవైద్యుడు. వేగం తగ్గించి, ఇండికేటరు వేశాడు. కాసిమీరో పరుగులాంటిది పరుగెత్తి, ఆ చోటు మధ్యలో నిలబడ్డాడు. అక్కడ ఇంకో కారు ఆగితే బస్సు మళ్లీ వెనక్కి రావలసిందే.

"ఖాళీయేనా కాసిమీరో?"

"కాదండీ."

"ఎవరున్నారు?"

"నేనున్నాను."

దంతవైద్యుడు వెళ్లి, వీధి చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చాడు. ఈలోగా రొట్టెల బండివాడు, పెళ్లి దుస్తులు కుట్టేవాడి తమ్ముడు, ఎవరో తెలియని ముగ్గురు కూడా వచ్చి చూసిపోయారు. మధ్యాహ్నం రెండైంది. పై కిటికీలోంచి వేయించిన చేపల వాసన వస్తోంది. విసీ కిందికి చూసి అన్నానికి పిలిచింది. అతను రాలేనని చేతులు ఊపాడు. ఆమె ఇంకోసారి పిలిచి, తరువాత ఏమీ అనకుండా, ఏప్రనుతోనే, చేతిలో గరిటెతో కిందికి దిగి వచ్చింది. అతన్ని భుజం పట్టి పక్కకు జరిపి, ఆ చోట్లో తాను నిలబడింది.

"పోయి తినిరా. చల్లారితే మళ్లీ వేడి చేయను."

దంతవైద్యుడి కారు మూడోసారి మలుపు తిరిగింది. ఈసారి అతను ఇండికేటరు కూడా వేయలేదు.